సిగ్నల్ లేని ఇరవై రోజులు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటారు. మా పాపకి 26 ఏళ్లు. కాలిఫోర్నియాలో ఎంఎస్ చేసి అక్కడే ఉద్యోగం చేస్తోంది. ఈ ఆగస్టులో స్నేహితురాలితో కలిసి జాన్ మ్యూర్ ట్రైల్ అనే కొండదారిలో ఇరవై రోజులు నడుస్తానంటోంది. పడక టెంట్లోనేనట, ఫోన్ సిగ్నల్ ఉండదట, ఎలుగుబంట్లు తిరుగుతాయట. వద్దంటే వినలేదు. కోపంలో ‘పోతే నన్ను అమ్మా అని పిలవొద్దు’ అనేశాను. అప్పటి నుంచి తను ఆ మాటే ఎత్తట్లేదు. మా ఆయన నోరు మెదపరు. నెల రోజులుగా నాకు నిద్ర లేదు. స్కాట్లండ్‌లో మన పిల్లలు చనిపోయిన వార్తే కళ్ల ముందు తిరుగుతోంది. నా మీద ఒట్టు వేయించుకుని ఆపేయనా?
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: ఒట్టు వేయించుకోవద్దమ్మా. 26 ఏళ్ల పిల్ల ఒట్టుకి ఆగకపోతే ఏం చేస్తుందో ఊహించండి. ‘ఆఫీసు పని మీద వేరే ఊరెళ్తున్నా, ఫోన్ కుదరదు’ అని చెప్పి బయల్దేరుతుంది. అప్పుడు ఆమె ఏ కొండ మీద ఉందో మీకు తెలియనే తెలియదు. మీ ఉత్తరం మొత్తంలో నాకు గుబులు పుట్టించిన మాట ఒకటే: ‘ఆ మాటే ఎత్తట్లేదు’.

కొండలు ఎక్కేవాళ్లు మొదట నేర్చుకునే పని ఒకటుంది. ఎటు వెళ్తున్నామో, ఏ రాత్రి ఎక్కడ ఉంటామో, ఎప్పటికి తిరిగొస్తామో కాగితం మీద రాసి ఇంట్లో ఒకరి చేతిలో పెట్టడం. కాలిఫోర్నియాలో మనిషి తప్పిపోతే షెరీఫ్ ఆఫీసు వాళ్లు, అంటే అక్కడి జిల్లా పోలీసులు వెతుకుతారు, నేషనల్ పార్కుల్లో అయితే రేంజర్లనే పార్కు సిబ్బంది. కానీ ‘రావాల్సిన రోజుకి రాలేదు’ అని వాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ కాగితం ఉండాల్సింది మీ దగ్గర. మీరేమో తలుపు వేసేసి కూర్చున్నారు.

ఇక ఆ దారి సంగతి. యోసెమిటీ లోయ నుంచి మౌంట్ విట్నీ శిఖరం దాకా దాదాపు 340 కిలోమీటర్లు. ఎవరు పడితే వాళ్లు వెళ్లిపోయే చోటు కాదు, పర్మిట్ తీసుకోవాలి. అక్కడ తిరిగేవి నల్ల ఎలుగులు. వాటికి మనుషుల కన్నా మనుషుల మూటలోని తిండి మీదే ధ్యాస. అందుకే తిండంతా అవి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి, రాత్రి టెంటుకి దూరంగా ఉంచుతారు. టూత్‌పేస్టు కూడా ఆ డబ్బాలోకే. (మీరు రాత్రిళ్లు యూట్యూబ్‌లో ఎలుగుబంటి వీడియోలు చూస్తున్నారని నా అనుమానం. ఒకటి చూస్తే అది ఇంకో పది తెచ్చి పెడుతుంది. ముందు అది ఆపండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి.)

నిజంగా జాగ్రత్త పడాల్సింది నీళ్ల దగ్గర. తుమ్మలపెంటలో కార్తీక స్నానానికి మోకాలి లోతులో నిలబడ్డా, అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోవడం మీరు ఎరిగిందే. కొండ వాగు దాటేటప్పుడు ఆ లాగుడు ఒక్క క్షణం కూడా ఆగదు, పైగా కాళ్లు కొయ్యబారిపోయేంత చల్లన. జూన్, జులై మొదట్లో మంచు కరిగి ఈ వాగులు ఉరకలేస్తాయి, ఆగస్టుకి చాలావరకు తగ్గుతాయి. మీ అమ్మాయి ఆగస్టు ఎంచుకుందంటే ఏదో చదివే ఎంచుకుని ఉంటుంది. మీరన్న స్కాట్లండ్ ఘటన, 2024 ఏప్రిల్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర జరిగింది, అదీ నీళ్లలోనే. స్నేహితులతో సరదాగా వెళ్లిన పిల్లలు వాళ్లు. ఆ తల్లుల్ని తలుచుకుంటే నాకూ మాట రాదు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. రాత్రి రెండింటికి గుంటలో ఆక్సిజన్ పడిపోయిందని ఫోనొస్తే, మీ ఆయన టార్చిలైటు పట్టుకుని ఆ గట్టు మీద ఒక్కరే నడుస్తారు. కింద పాములు, పక్కన నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు వైర్లు, తడి నేల. మీరు అటు తిరిగి పడుకుంటారు కదా? ప్రేమ లేక కాదు. ఆయన ఎక్కడ అడుగేస్తారో, ఏ స్విచ్ ముందు కట్టేస్తారో మీకు తెలుసు. పాప విషయంలో ఆ తెలియడమే లేదు. కాబట్టి తెలుసుకోండి.

ఆదివారం ఫోన్ చేసి ముందు ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకోండి. తర్వాత అడగండి. మూట మోసుకుంటూ వరసగా మూడు నాలుగు రోజులు ఇదివరకు ఎప్పుడైనా నడిచిందా? లేదంటే మాత్రం నేను మీ పక్షమే. మొదటిసారే ఇరవై రోజులు తగదు, ఈ ఏడు చిన్నవి నడిచి వచ్చే ఏడు వెళ్లమనండి. నడిచానంటే, ఎత్తులో తలనొప్పి, వాంతులు మొదలైతే ఏం చేస్తావని అడగండి. విట్నీ 4,421 మీటర్లు. ‘ఇంకా పైకి ఎక్కను, తగ్గకపోతే కిందికి దిగిపోతాను’ అనాలి. ‘మాత్ర వేసుకుని ఎక్కేస్తా’ అంటే పోట్లాడండి, తప్పులేదు.

శాటిలైట్ మెసెంజర్ అని అరచేతిలో పట్టే పరికరం ఉంటుంది. సిగ్నల్ లేని చోట నుంచి కూడా ‘బాగున్నాను’ అని మెసేజ్, ఉన్న చోటు గుర్తు పంపిస్తుంది, ఆపదలో నొక్కడానికి వేరే మీట ఉంటుంది. అది తప్పకుండా తీసుకెళ్లమనండి. డబ్బులకి వెనకాడితే మీరే కొనివ్వండి. ఆమె సాయంత్రం ఏడింటికి టెంటు వేసుకుని మెసేజ్ పెడితే మనకి మర్నాడు ఉదయం ఏడున్నర. కాఫీ వేళకి వస్తుందన్నమాట. కొండ సందుల్లో ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అందుకే ఎన్ని గంటలు చూడాలి, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఇద్దరూ ముందే అనుకోండి. పర్మిట్ కాపీ, ఆ కాగితం అక్కడే ఉండే బంధువుల్లో ఒకరి దగ్గర కూడా ఉండాలి, ఇంగ్లీషులో గబగబా మాట్లాడాల్సి వస్తే వాళ్లు మాట్లాడతారు.

మీ ఆయన మౌనం గురించి ఎక్కువ ఆలోచించకండి. గట్టు మీద రాత్రిళ్లు తిరిగే మనిషి, కూతురికి ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకి తెలిసే ఉంటుంది. ఉదయం ఏడున్నరకి మెసేజ్ ఆయన్నే చదవమనండి.

ఇంకోటి. ఈ దారిలో నడిచేవాళ్లు మధ్యలో అందుకోవడానికి తిండి ముందే పంపుకుంటారు. మ్యూర్ ట్రైల్ రాంచ్ అనే చోట అయితే మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో పెట్టి పంపాలి. ఇక్కడి నుంచి ఎవరైనా వెళ్తుంటే కందిపొడి, నువ్వుండలు ఇచ్చి పంపండి. బరువు తక్కువ, బలం ఎక్కువ. పచ్చడి వద్దు, నూనె కారుతుంది. ఆ కందిపొడి కూడా రాత్రికి ఎలుగుబంటి డబ్బాలోకే వెళ్లాలని ఒక చీటీ రాసి పెట్టండి.