స్కూటీ వల్ల కడుపు పోలేదమ్మా

చిన్నీ,

నువ్వు పంపిన స్కాన్ రిపోర్టు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాను. తేదీల లెక్కన నీకు పదో వారం. రిపోర్టులో మాత్రం సీఆర్‌ఎల్, అంటే తల నుంచి పిరుదుల దాకా పిండం పొడవు, 11 మిల్లీమీటర్లు, గుండె చప్పుడు లేదు అని ఉంది. 11 మిల్లీమీటర్లంటే ఏడు వారాలు దాటిన పిండం కొలత. అంటే ఎదుగుదల ఆగి అప్పటికే రెండు వారాలు దాటింది. మీ అత్తగారు అనుమానిస్తున్న స్కూటీ ప్రయాణం తొమ్మిదో వారంలోది. ఆ ప్రయాణానికీ దీనికీ సంబంధం లేదు.

ప్రసూతి వార్డులో పనిచేసినన్నాళ్లూ ఇదే తంతు చూశాను. రక్తం కనబడగానే ముందురోజు ఏ మెట్లెక్కావు, ఏం తిన్నావు అని ఆరా మొదలవుతుంది. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగానికి సగం పిండంలో క్రోమోజోములు సరిగ్గా కుదరకపోవడం వల్లే. అది అండం, వీర్యకణం కలిసే వేళకే దాదాపు తేలిపోతుంది. ఆఫీసుకెళ్లడం, బస్సెక్కడం, మొగుడితో కలవడం, మాగిన బొప్పాయి ముక్క తినడం ఇవేవీ కారణాలు కావు. పాలు కారే పచ్చి బొప్పాయి జోలికి వెళ్లకు, చాలు. నువ్వుల ఉండ తిన్నావని ఏడవడం మానెయ్.

వయసు సంగతి దాచను. ముప్ఫై అయిదు దాటాక ఈ ప్రమాదం పెరుగుతుంది, నలభైల్లో ముగ్గురిలో ఒకరికైనా ఇలా అవుతుంది. నీకు ముప్ఫై ఒకటే. కంగారు వద్దు, మరీ ఏళ్లకేళ్లు వాయిదా కూడా వద్దు.

నీ చేతిలో ఉన్నవి కొన్నే. వాటిలో నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది థైరాయిడ్ మీద. నువ్వు మాత్ర వేసుకుంటున్నావు, కానీ ఎలా వేసుకుంటున్నావో పండక్కి వచ్చినప్పుడు చూశాను: మాత్ర నోట్లో, వెంటనే కాఫీ గ్లాసు చేతిలో. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంటైనా ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి పట్టదు. మళ్లీ ప్రయత్నించే ముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించు. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్, డోసు పెంచాల్సి రావచ్చు. టీఎస్‌హెచ్‌తోపాటే హెచ్‌బీఏ1సీ కూడా చేయించు, అది రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష. మీ నాన్నకి షుగరుంది, నీకూ కొంచెం ఒళ్లొచ్చింది. తెలియకుండా షుగర్ ఎక్కువగా ఉండి గర్భం మొదలైతే పోయే ప్రమాదమూ ఎక్కువే, బిడ్డకి లోపాలూ రావచ్చు. ఉపవాసాలతో బరువు తగ్గించకు, మెల్లగా నడిచి తగ్గు.

కాఫీ మొత్తం మానక్కర్లేదు. రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదంటారు, చిన్న కప్పులైతే రెండు. టీ, కోలా కూడా అందులోకే వస్తాయి. ఆఫీసు పార్టీల్లో వైను గ్లాసు అసలే వద్దు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ ఏమైనా వాడుతున్నావా? అది గర్భానికి చాలా చెడ్డది, ఆపి నెల గడిచాకే ప్రయత్నించాలి. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టు. అది గర్భస్రావం ఆపే మందు కాదు, బిడ్డ వెన్నుపాము కోసం.

ఇక అల్లుడు. బాల్కనీలో నిలబడి కాల్చినా పొగ ఇంట్లోకి వస్తుంది. వీర్యకణం తయారవడానికి మూడు నెలలకు దగ్గరగా పడుతుంది కాబట్టి ఇవాళ మానితేనే ప్రయోజనం. మా నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లని చూశాను, ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు పొడి. నోట్లో పెట్టుకోకపోయినా ఆ దుమ్ము రోజంతా పీలుస్తూనే ఉంటారు. వాళ్లకి వేరే గతి లేదు. అల్లుడికి ఏం తక్కువ?

ఒక్కసారి పోయినంత మాత్రాన గర్భసంచి లోపాల కోసం, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీల కోసం వేలు పోసి పరీక్షలు చేయించుకోకు. రెండోసారి జరిగితే అప్పుడు అవసరం. ఎక్కువమందికి తర్వాతది నిలుస్తుంది. మంచం దిగకుండా పడుకుంటే గర్భం నిలుస్తుందన్నదానికి ఆధారం లేదు, కాబట్టి ఈసారి నిన్ను పుట్టింట్లో పడుకోబెడతామంటే ఒప్పుకోకు. ఒక నెలసరి మామూలుగా వచ్చాక, నీకు మనసైతే, డాక్టర్ని అడిగి ప్రయత్నించొచ్చు.

మధ్యలో గంటకో ప్యాడ్ తడిసిపోయినా, జ్వరం వచ్చినా, వాసనతో తెల్లబట్ట అయినా ఆసుపత్రికి పరుగెత్తు. నీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ కదా, డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చేయడం) తర్వాత, వచ్చే గర్భానికి ఇబ్బంది రాకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది. ఇవాళే చూసి నాకు ఫోటో పంపు. మీ అత్తగారితో నేను ఆదివారం మాట్లాడతాను, నువ్వు ఆ విషయం ఎత్తకు.

మీ పెద్దమ్మ