ఊరి పండుగ, ఉమ్మడి సొమ్ము: బాణసంచా ఖర్చుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పెద్ద గ్రామం. ఏటా కనుమ తీర్థం రాత్రి చందాలు వేసుకొని మందుగుండు కాల్చడం మా తాతల నాటి నుంచి ఉంది. ఈసారి దాన్ని చుట్టుపక్కల ఎక్కడా లేనంత ఘనంగా జరపాలని, చందాలకు తక్కువపడిన మొత్తాన్ని పంచాయతీ సాధారణ నిధి నుంచి ఇవ్వాలని కొందరు ప్రతిపాదించారు. పేదవాడు పైసా ఖర్చు లేకుండా చూసే వేడుక ఇదొక్కటేనని, దీనికి అడ్డు చెబితే ఊరి సంతోషానికి అడ్డుపడినట్టేనని వారి వాదన. కాలువలకు నీరు కట్టేసిన ప్రతి వేసవిలోనూ మా పేటకు మంచినీళ్లు ట్యాంకరులో వస్తున్నాయి. ఇటువంటి చోట ప్రజల సొమ్మును ఇలా ఖర్చు చేయవచ్చునా?
(ఒక పాఠకుడు, అమలాపురం ప్రాంతం)

సమాధానం: ముందుగా, మీ ఊరివారు చేస్తున్న వాదనలో నిజం ఉందని ఒప్పుకోవాలి. తారాజువ్వ పైకి లేచినప్పుడు అరుగు మీద కూర్చున్న ఆసామీ, గట్టు మీద నిలబడిన కూలీ ఒకే ఆకాశాన్ని చూస్తారు. టిక్కెట్టు లేదు, ముందువరుస లేదు. కనుమ నాడు మన కోనసీమలో తీర్థం జరిగే జగ్గన్నతోటకు ప్రభలను (వెదురుతో ఎత్తుగా కట్టి దేవుడి కోసం అలంకరించిన చట్రాలను) భుజాల మీద మోసుకుంటూ, పొలాలకు అడ్డంపడి, కౌశిక నది నీళ్లలో దిగి వచ్చే జనాన్ని చూసినవారెవరూ పండుగను వృథా ఖర్చు అనలేరు. కనుక వేడుక కావాలా వద్దా అన్నది మన ముందున్న ప్రశ్న కాదు. ఆ వేడుకలో ఏ భాగానికి ఎవరి సొమ్ము పెట్టాలన్నదే తేల్చుకోవలసినది.

ఊళ్లో పండుగకు డబ్బు వచ్చే దారులు వేరువేరు. చందా ఇచ్చేవాడు తన ఇష్టంతో ఇస్తాడు, నచ్చకపోతే మానేస్తాడు. ఆ సొమ్ముతో మందుగుండు కాల్చుకుంటే, చట్టం విధించిన హద్దులు దాటనంత వరకు, ప్రశ్నించే అవసరం లేదు. గుడి హుండీ సొమ్ము దేవాదాయ చట్టం కిందికి వస్తుంది. అది ఆ దేవస్థానం అవసరాలకు, అధికారుల ఆమోదంతో ఖర్చు కావలసినది. పంచాయతీ సాధారణ నిధి మాత్రం ఈ రెండింటి వంటిది కాదు. అది ఇంటి పన్ను, కుళాయి రుసుము, చేపల చెరువు వేలం వంటి వాటి నుంచి పోగయ్యే సొమ్ము. ఇంటి పన్ను కట్టేవాడికి కట్టకుండా ఉండే అవకాశం లేదు. వసూలులో బలవంతం ఉన్నప్పుడు ఖర్చులో అంతకు తగిన జాగ్రత్త ఉండాలి. పైగా తీర్థం ఒక మతానికి చెందిన ఉత్సవం. ఏదో ఒక మతాన్ని పెంపొందించేందుకు ప్రత్యేకించిన పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతున్నది. మీ ఊరి ప్రతిపాదన సరిగ్గా ఆ అధికరణం కిందికే వస్తుందని నేను అనడం లేదు గాని, ఆ అధికరణం వెనుక ఉన్న న్యాయం పంచాయతీ సభ్యుల మనసులో మెదలవలసినదే.

ఇక మీ పేట నీళ్ల సంగతి. డెల్టాలో వేసవి కష్టం చెప్పకుండా వచ్చేది కాదు. దాళ్వా (రబీ వరి) కోతలకు వచ్చేసరికి ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు నీరు ఆపేస్తారని, ఆలోగా మంచినీటి చెరువును నింపుకోవాలని ప్రతి పంచాయతీకి తెలుసు. చెరువులో పూడిక తీయకపోయినా, గట్టు గండి పడినా, ఫిల్టరు బెడ్డులో ఇసుక మార్చకపోయినా, పక్కనున్న రొయ్యల చెరువు నీరు ఊరినా, ఆ ఫలితాన్ని ఏప్రిల్, మే నెలల్లో శివారు పేటలవారే ముందుగా అనుభవిస్తారు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే ముడిపెట్టడానికి కారణం ఇటువంటి అవసరాలే. ఈ పనులు మిగిలి ఉండగా సాధారణ నిధిని మందుగుండుకు మళ్లించడం తప్పు అని నా నిశ్చితాభిప్రాయం. పేదవాడి సంతోషం కోసమే ఖర్చు పెడుతున్నామనే మాటను, ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడే పేదవాడినే అడిగి తేల్చుకోవడం న్యాయం.

అయితే తీర్థం రాత్రి పంచాయతీ చేతులు ముడుచుకొని కూర్చోవాలని దీనికి అర్థం కాదు. వేలమంది ఒకచోట గుమికూడే వేడుకలో ప్రజాధనం తప్పనిసరిగా ఖర్చు కావలసిన భాగం ఒకటుంది. అది వచ్చినవారు క్షేమంగా ఇంటికి చేరడానికి కావలసిన ఏర్పాటు. కనుమ నాటికి సార్వా (ఖరీఫ్ వరి) కోతలు పూర్తయి చేలల్లోనూ, ఇళ్ల వెనుకా గడ్డివాములు ఉంటాయి; తాటాకు కప్పులు ఇంకా ఉన్నాయి; కొబ్బరితోటల్లో ఎండుమట్టలు, డొక్కలు రాలి ఉంటాయి. గాలికి దారి తప్పిన ఒక్క జువ్వ చాలు. నేల కింద గ్యాసు గొట్టాలు పోతున్న ప్రాంతం మనది. 2014 జూన్‌లో నగరం అనే గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయిన సంగతి కోనసీమ మరచిపోలేదు. కాల్చే స్థలాన్ని పగలే అధికారులతో కలిసి చూసి నిర్ణయించడం, జనానికి దూరంగా కంచె కట్టడం, అగ్నిమాపక శకటాన్ని, అంబులెన్సును దగ్గర ఉంచడం, జనం వచ్చే దారిని పోయే దారిని వేరు చేయడం, రాత్రికి దీపాలు పెట్టడం, ఇవన్నీ పంచాయతీ, పోలీసు, రెవెన్యూ శాఖల బాధ్యతలు. వీటికి చందాలు అడగకూడదు, వీటిలో పొదుపూ చేయకూడదు. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజున, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడ బాణసంచా లేదు, నిప్పు లేదు. ఇరుకు దారిలో జనం ఒత్తిడి మాత్రమే ఉంది. కేరళలోని పరవూరు పుట్టింగల్ గుడిలో 2016 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా జరిపిన పోటీ కాల్పుల్లో నిల్వ ఉంచిన మందుగుండు పేలి వందమందికి పైగా బలయ్యారు. పక్క ఊరిని మించాలనే పట్టుదల ఎక్కడికి తీసుకుపోగలదో ఆ దుర్ఘటన చెబుతుంది. మీ ఊరి ప్రతిపాదనలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది కూడా 'ఎక్కడా లేనంత ఘనంగా' అన్న ఆ మాటే.

చందాలతో కాల్చినా నియమాలు వర్తిస్తాయి. సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో ఇచ్చిన తీర్పు ప్రకారం కాలుష్యం తక్కువగా ఉండే హరిత బాణసంచాకే అనుమతి ఉంది. పండుగ వేళల్లో రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలి. బేరియం లవణాలు, పొడవాటి సరాలు నిషిద్ధం. అదే తీర్పు ఇంటింటా కాల్చడానికి బదులు నిర్ణీత స్థలంలో అందరూ కలిసి కాల్చుకునే పద్ధతిని పరిశీలించమని కూడా సూచించింది కనుక, ఒకేచోట జరిగే ఊరి వేడుకకు అనుకూలంగా చెప్పదగిన మాట ఇది. సంక్రాంతి రోజుల్లో రాత్రిపూట మంచు కమ్మి పొగ పైకి పోకుండా నేలబారునే నిలుస్తుంది. ఉబ్బసం ఉన్నవారి ఇళ్లు ఏ దిక్కున ఉన్నాయో నిర్వాహకులు ముందే ఆలోచించాలి.

మీరు చేయదగిన పని: ఈ విషయాన్ని గ్రామసభలో చర్చకు పెట్టమని సర్పంచిని, కార్యదర్శిని రాతపూర్వకంగా కోరండి. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందుకు రావలసినవే. ఇప్పటికే సొమ్ము ఇచ్చారేమోనన్న అనుమానం ఉంటే, తీర్మానం నకలు, ఓచర్లు కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దీనికి రుసుము లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

ప్రశ్న: 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. నది మీద బాణసంచాకు బదులు ప్రభుత్వం డ్రోన్ల ప్రదర్శన పెడితే మీకు అభ్యంతరం ఉండదా?
(ఒక పాఠకురాలు, కొవ్వూరు)

సమాధానం: 2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లతో చేసిన ప్రదర్శనను లక్షలమంది మెచ్చుకున్నారు. పొగ లేదు, చప్పుడు తక్కువ, నీళ్లలో బూడిద పడదు. ఆ మేరకు అది మేలే. ఖర్చు విషయంలో మాత్రం పై సమాధానమే దీనికీ వర్తిస్తుంది: ఘాట్ల మెట్లు, దారులు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు పూర్తయి, వాటి లెక్కలు ప్రజలకు తెలిసిన తరువాతే ఆకాశం వైపు చూడాలి.

ప్రశ్న: మా బంధువులు మందుగుండు తయారీలో బతుకుతున్నారు. ప్రభుత్వం, పంచాయతీలు కొనకూడదని మీలాంటివారు అంటుంటే వాళ్ల నోటికాడ కూడు ఏం కావాలి?
(పేరు వద్దన్న పాఠకురాలు, కాకినాడ జిల్లా)

సమాధానం: అమ్మా, మీ బాధ న్యాయమైనది. 2014 అక్టోబరులో వాకతిప్ప గ్రామంలోని బాణసంచా తయారీ కేంద్రంలో పదిహేనుమందికి పైగా కాలి చనిపోయారు. వారిలో చాలామంది ఆడవాళ్లు. 2025 అక్టోబరులో కోనసీమ జిల్లా రాయవరం మండలంలో మరో కేంద్రంలో మళ్లీ పలువురు పోయారు. ఇద్దరి సంపాదన మీద నడిచే ఇంట్లో ఒకరిని ఈ పని తీసుకుపోతే, మిగిలినవారికి ఏ ఆర్డరూ ఆ లోటు తీర్చదు. పెద్ద ప్రదర్శనలకు టెండరు పిలిచి తక్కువ ధర చెప్పినవారికి పని ఇచ్చినప్పుడు, ఆ తగ్గింపు చివరకు షెడ్డులో కూర్చున్న మనిషి మీదే పడుతుంది: ఒకే గదిలో ఎక్కువమంది, పండుగ ముందు హడావుడి, లైసెన్సు పరిమితికి మించిన నిల్వ. మీ బంధువులు పనిచేసే చోటుకు లైసెన్సు ఉందా, ఒక్కో షెడ్డులో ఎంతమంది ఉండవచ్చని అందులో రాసి ఉంది, కార్మికులకు బీమా కట్టారా అన్న మూడు విషయాలను ఈ వారమే కనుక్కోండి. జవాబు రాకపోతే తహసీల్దారు కార్యాలయంలోనూ, అగ్నిమాపక కేంద్రంలోనూ ఫిర్యాదు ఇవ్వండి. పేరు బయటపెట్టవద్దని ఆ కాగితంలోనే రాయండి.