రెల్లుకీ చెరకుకీ చుట్టరికం

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మహిళా దినోత్సవానికి స్కూల్లో వృక్ష శాస్త్రవేత్త జానకి అమ్మాళ్ గురించి మాట్లాడాలట. వాట్సాప్‌లో చూస్తే ‘మన చెరకుకి తీపి తెచ్చిన మహిళ’ అని ఉంది. ఆమె రాకముందు చెరకు చప్పగా ఉండేదా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: చప్పగా ఎందుకుంటుందమ్మా! మాది అనకాపల్లి. ఆమె పుట్టింది 1897లో, తలశ్శేరిలో. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ మనవాళ్లు బెల్లం వండుతూనే ఉన్నారు.

అసలు ఇబ్బంది వేరు. లావుగా, రసం నిండుగా ఉండే చెరకు ఉత్తరాది వాతావరణానికి తట్టుకునేది కాదు. అక్కడ పండే సన్న చెరకుకేమో దిగుబడి తక్కువ. అందుకే 1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధన కేంద్రం పెట్టి, లావు చెరకుని రెల్లుతో సంకరం చేశారు, అంటే ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పట్టించి కొత్త రకం పుట్టించారు. అవును, మీ గోదావరి లంకల్లో తెల్లగా పూసే రెల్లే! అక్కడి శాస్త్రవేత్తలు బార్బర్, వెంకటరామన్ కలిసి తయారుచేసిన కో 205 రకం 1918లోనే రైతుల చేతికొచ్చింది. జానకిగారు ఆ కేంద్రంలో చేరింది 1934లో. కాబట్టి ఆ వాట్సాప్ మాట మీ అమ్మాయి చేత చెప్పించకండి. జడ్జీల్లో బోటనీ టీచరుంటే చిక్కు.

మరి ఆమె చేసిందేమిటి? డిగ్రీలో మాకు ఉల్లి వేరు కొనకి రంగు పట్టించి, స్లైడు మీద బొటనవేలితో నొక్కి, మైక్రోస్కోపులో క్రోమోజోములు (కణంలో వంశ లక్షణాల్ని మోసే పోగులు) లెక్కపెట్టమనేవారు. ఉల్లికి ఉండేవి 16. నాకు ఒకరోజు 14 వచ్చేవి, ఇంకోరోజు 19. రికార్డులో మాత్రం బుద్ధిగా 16 వేసేదాన్ని. రెల్లులో అయితే రకాన్ని బట్టి 40 నుంచి 128 దాకా ఉంటాయి! ఆవిడ పని సరిగ్గా ఆ లెక్కల్లోనే. రెల్లులో ఎన్ని, చెరకులో ఎన్ని, రెండూ కలిపితే పిల్ల మొక్కకి ఎన్ని వచ్చాయి అని చూసేవారు. ఏ మొక్క దేనికి ఎంత దగ్గర చుట్టమో ఆ లెక్క పట్టిస్తుంది. చెరకుని మొక్కజొన్నతో కూడా సంకరం చేశారు. ఆ సంగతి 1938లో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. నా దృష్టిలో ‘తీపి తెచ్చిన’ కన్నా ఇదే పెద్ద మాట, స్టేజీ మీద చప్పట్లు తక్కువ పడతాయేమో గానీ.

మిగతా జీవితం టూకీగా చెప్పినా చాలు. మద్రాసులో చదువు, మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1931లో డాక్టరేట్. యుద్ధకాలంలో ఇంగ్లండులో ఉండి, అక్కడి శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల మీద 1945లో పుస్తకం తెచ్చారు. తర్వాత అక్కడే విజ్లీ తోటలో మాగ్నోలియా పూల చెట్లకి కాల్చిసిన్ మందు పట్టించి క్రోమోజోములు రెట్టింపు చేశారు. ఒక మాగ్నోలియాకి ఆమె పేరే పెట్టారు. నెహ్రూ పిలిస్తే తిరిగొచ్చి దేశంలోని మొక్కల వివరాలు సేకరించే ప్రభుత్వ సంస్థ బొటానికల్ సర్వేని చక్కదిద్దే పనిలో దిగారు. ఎనభై దాటాక కూడా కేరళ సైలెంట్ వ్యాలీలో డ్యామ్ వద్దని నిలబడ్డారు. 1984 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ లోయని నేషనల్ పార్కుగా ప్రకటించింది అదే ఏడాది నవంబరులో.

మార్చిలో రెల్లు పూలు దొరకవు. నాలుగు ఎండు రెల్లు పుల్లలు, ఓ చెరకు ముక్క పట్టుకెళ్లి, రెండూ పక్కపక్కన పెట్టి కణుపులు చూపిస్తూ మొదలుపెట్టమనండి.