నాన్న ఏం చేస్తారని అడిగితే

చిన్నీ,

ట్రస్టు వాళ్లు స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి పిలిచారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే పక్కింటావిడకి కూడా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నా టెన్షన్ నీ మార్కుల గురించి కాదులే.

కాగితాలు ఇవాళే సర్దుకో. టెన్త్, ఇంటర్ మెమోలు, ర్యాంకు కార్డు, మీ సేవలో తీసుకున్న ఆదాయం సర్టిఫికెట్, అన్నీ ఒరిజినల్స్, రెండేసి జిరాక్సులు. అన్నిట్లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడు. అమీర్‌పేటలో మెట్రో మారాలి, గంట ముందే బయల్దేరు.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. ఇంటర్ అయ్యాక వాడినీ ఇలాగే ఒక చోట పిలిచారు. చిక్కడపల్లిలో మీ తాత పెట్టుకున్న ఇస్త్రీ బండి మీదే అప్పట్లో మా ఇల్లు గడిచేది. ఆ రోజు తెల్లారకముందే బొగ్గులు రాజేసి, గిరాకీల బట్టలన్నీ పక్కన పెట్టి, వీడి తెల్లచొక్కా ఇస్త్రీ చేశాడు. చేతుల మడత మీద వేలు పెడితే తెగుతుందేమో అన్నట్టుంది. ఆ చొక్కా తొడుక్కుని వెళ్లి "మా నాన్నది బిజినెస్" అన్నాడు మహానుభావుడు. ఏం బిజినెస్? బట్టల బిజినెస్. షాపు ఎక్కడ? నోరు పెగల్లేదు. ఎదురుగా కూర్చున్నాయన ఆదాయం సర్టిఫికెట్‌ని తిప్పి తిప్పి చూశాడట. షాపు ఉన్నవాడికి ఇంత తక్కువ ఆదాయమా అని సర్టిఫికెట్ మీదే అనుమానం వచ్చింది. లిస్టులో పేరు రాలేదు. మార్కులు చాల్లేదట అని మీ తాతకి చెప్పాం. పోయేదాకా ఆయన అదే నమ్మాడు.

ఇప్పుడు మీ నాన్న చీరల షాపులో సేల్స్‌మన్. నువ్వు వెళ్లి "టెక్స్‌టైల్ ఫీల్డ్" అన్నావని తెలిసిందో, ఇంటికొచ్చి చెవి మెలేస్తా. షాపులో పనిచేస్తారు, జీతం ఇంత అని చెప్పు. తల దించకు. అలాగని కష్టాలు ఏకరువు పెట్టి కళ్లనీళ్లు పెట్టుకోకు, నువ్వసలే త్వరగా ఏడుస్తావు.

లెక్క మాత్రం నోటికి రావాలి. ఇంజనీరింగ్‌లో బీసీలకి పదివేల ర్యాంకు దాటితే సర్కారు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 రూపాయలే కదా. ఫీజులో అది పోగా ఎంత మిగులుతుంది, ఇంట్లో ఎంత సర్దగలరు, వాళ్లని అడిగేది ఎంత, కాగితం మీద రాసుకో. బస్సు ఖర్చు అందులో కలిపేవు! 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి జీరో టికెట్టే, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అక్కడ దొరికిపోతే మిగతా లెక్క కూడా నమ్మరు.

ఇదంతా అత్త చెప్పిందని ఇంట్లో అనకు, మీ నాన్న నొచ్చుకుంటాడు. ఇంటర్వ్యూ అవగానే ముందు వాడికే ఫోన్ చెయ్యి. షాపులో ఫోన్ తియ్యనివ్వరంటావా? ఆ రోజు తీస్తాడులే. ఆ తర్వాత నాకు.

మీ అత్త