బావతో గొడవ ఐరన్ మెయిడెన్ గురించి

ప్ర: 1988 తర్వాత బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ చెప్పుకోదగ్గ ఆల్బమే చేయలేదంటాడు మా బావ. 2000లో వచ్చిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ ముందు పాతవేవీ నిలవవంటాను నేను. ఆర్కే బీచ్‌కి వెళ్తే ఇదే గొడవ. ఎవరు రైటు? ఇంకో ఆల్బమ్ వస్తే ఎలా ఉండాలి సార్?
– ఒక పాఠకుడు, గాజువాక

జ: బావగారు 1988 దగ్గర ఆగడంలో అర్థముంది. ఆ తర్వాతే గిటారిస్టు అడ్రియన్ స్మిత్ వెళ్లిపోయాడు, 1993లో గాయకుడు బ్రూస్ డికిన్‌సన్ కూడా. 1999లో ఇద్దరూ తిరిగొచ్చారు. స్మిత్ స్థానంలో వచ్చిన జానిక్ గెర్స్‌ని పంపేయలేదు కాబట్టి గిటార్లు మూడయ్యాయి. మీ ఆల్బమ్ బలం అక్కడే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టి వినమనండి బావగారిని, మీ ఖర్చుతో మురీ మిక్చర్ కూడా పెట్టించండి. అయినా పాతవేవీ నిలవవనడం మరీ అన్యాయమండీ! 1984 నాటి ‘పవర్‌స్లేవ్’ని ఎక్కడ పెడతారు?

మధ్యలో డికిన్‌సన్ స్థానంలో బ్లేజ్ బేలీ పాడిన రెండు ఆల్బమ్‌ల జోలికి మీరిద్దరూ పోలేదు. 1995 నాటిది నాకిష్టం. 1998 నాటిది వదిలేయండి.

కొత్తదంటారా? 2021లో వచ్చిన ‘సెంజుట్సు’ దాదాపు 82 నిమిషాలు. చివరి మూడు పాటలూ బాస్ గిటారిస్టు స్టీవ్ హారిస్ ఒక్కడే రాసినవి, ఒక్కోటీ పది నిమిషాల పైనే. నాకైతే మూడోదానికి ఓపిక ఉండదు. డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ 2024 డిసెంబరులో టూర్లు మానేశాడు, అంటే వాళ్ల ఓపికా తగ్గుతోందన్నమాట. అందుకే ఈసారి నలభై ఐదు నిమిషాల్లో, స్మిత్ రాసిన చిన్న పాటలు ఎక్కువగా ఉండేలా చేస్తే బాగుంటుంది. దీని మీద మాత్రం బావగారు నా పక్షమే ఉంటారు, చూడండి.