కొండల మీది యుద్ధ శకలాలు సేకరించవచ్చా?

పలాస దగ్గర పల్లె నుంచి ఒకరు అడిగారు: ఆర్మీలో చేసి రిటైరైన మా మావయ్య దగ్గర కార్గిల్ నుంచి తెచ్చిన ఇత్తడి తూటా గొట్టం ఉంది, అలాంటివి నేనూ పోగేయవచ్చా?

పైన గుండు లేకుండా, లోపల ఖాళీగా ఉంటే అది సాధారణంగా పేలిపోయిన తూటాయే. గుండు ఇంకా బిగిసి ఉంటే మాత్రం ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. లైసెన్సు లేకుండా పేలని తూటా ఇంట్లో ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

కొండల్లోకి వెళ్లి మీరే ఏరుకోవాలన్న ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. 1999 యుద్ధంలో పేలకుండా మిగిలిన షెల్స్ (ఫిరంగి గుండ్లు) కార్గిల్ వైపు ఇప్పటికీ బయటపడుతున్నాయి. తుప్పు పైన ఇనుమునే తింటుంది, లోపలి మందు అలాగే ఉంటుంది. పాతదే కదా అని తట్టి చూసినవాళ్ల చేతులు పోయాయి, ప్రాణాలూ పోయాయి.

ఇటలీలోని ఆల్ప్స్ పర్వతాల్లో మొదటి ప్రపంచ యుద్ధం (అక్కడ 1915–18) నాటి వస్తువులు మంచు కరిగి బయటికొస్తున్నాయి, వాటితోపాటు సైనికుల శరీరాలు కూడా. ఆ యుద్ధ వారసత్వాన్ని కాపాడటానికి అక్కడ 2001లో చట్టమే చేశారు. ఒక బొత్తాం పడి ఉన్న చోటే ఏ దళం ఎక్కడ నిలబడిందో చెబుతుంది. జేబులో వేసుకుంటే ఆ సాక్ష్యం పోయినట్టే.

మన బొబ్బిలి వైపు పొలంలో 1757 బొబ్బిలి యుద్ధం నాటిదేమైనా దొరికినా ముందు కలెక్టరాఫీసుకు చెప్పండి.

మావయ్య గొట్టం ఖాళీదైతే చింతపండుతో తోమకండి, అడుగున ముద్రించిన అంకెలు అరిగిపోతాయి. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో ఆయన చేతే రాయించి పక్కన పెట్టండి.