సువార్త సేవకు విదేశం వెళ్లాలా, ఇక్కడే చేయాలా? రెండు చోట్లా పనిచేసిన ఒక నర్సు జవాబు

ప్రశ్న అడిగిన తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్ల సంఘం యువకులు పది రోజుల మిషన్ ట్రిప్‌కి కెన్యా వెళ్తున్నారట. మనిషికి లక్షన్నర దాకా ఖర్చు. సంఘపెద్ద ఒకాయన "మన దగ్గరే ఇంత పని పెట్టుకుని అంత దూరం దేనికి?" అన్నారట. వాక్యం ప్రకారం ఎవరిది సరైన మాట అన్నది ప్రశ్న.

తమ్ముడూ, వందనాలు. నాది ప్రకాశం జిల్లా, బాప్టిస్టు కుటుంబం. కువైట్‌లో చాలా ఏళ్లు నర్సుగా చేసి వచ్చాను. ఇప్పుడు చింతూరు వైపు ఏజెన్సీలో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఆ ట్రిప్‌కి వెళ్లొద్దు. అలాగని మీ పెద్దాయన చెప్పిన కారణాన్ని కూడా నేను ఒప్పుకోను. దూరం సంగతి తర్వాత చూడొచ్చు. అక్కడివాళ్లు నిన్ను రమ్మన్నారా, వెళ్తే ఎన్నాళ్లుంటావు, అక్కడ ఎవరి మాట విని పనిచేస్తావు, ముందు ఇవి తేలాలి.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా అపొస్తలుల కార్యములు 1:8 చదువుతారు. "యెరూషలేములోను, యూదయ సమరయ దేశములయందంతటను భూదిగంతములవరకును" అన్న మాటని చాలామంది వరస నంబర్లుగా తీసుకుంటారు. ముందు మన ఊరు పూర్తి చెయ్యాలి, తర్వాత జిల్లా, ఆ తర్వాతే విదేశం అని. కానీ ఆ గ్రంథంలో అలా జరగలేదు. యెరూషలేములో పని మిగిలి ఉండగానే 8వ అధ్యాయంలో ఫిలిప్పు సమరయలో ఉన్నాడు. 13వ అధ్యాయానికి వచ్చేసరికి అంతియొకయ సంఘం, అది కూడా కొత్త సంఘమే, తన దగ్గరున్న మంచి బోధకుల్లో ఇద్దరిని పంపించేసింది. 16వ అధ్యాయంలో పౌలు ఆసియలో (ఇప్పటి టర్కీలోని ఒక ప్రాంతం) వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరిచాడు. తర్వాత దర్శనంలో ఒక మనిషి నిలబడి మాసిదోనియకు వచ్చి మాకు సహాయం చెయ్యమని వేడుకున్నాడు. నా మనసుకి ఎక్కువ పట్టింది ఈ చివరిదే. అవతలి ఒడ్డు నుంచి పిలుపు వచ్చింది, అప్పుడు ఓడ ఎక్కారు.

"ఇక్కడే బోలెడు పని ఉంది" అన్న మాటకి వస్తాను. దూరంగా ఉన్న పని వదిలేద్దామా అన్న ఆలోచన అమెరికాలో బాప్టిస్టులకి కూడా వచ్చింది, అదీ మన గురించే. నెల్లూరులో తెలుగు మిషన్ 1840లో మొదలైంది. ఏళ్ల తరబడి ఫలితం కనపడక, 1853లో దాన్ని మూసేద్దామా అని వాళ్ల పెద్దలు చర్చించారు. మూసేసి ఉంటే మా తాతల కథ వేరేగా ఉండేది. గుంటూరు సంగతి చూడు. డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చి, అక్కడ ఆడవాళ్లకి వైద్యం చేస్తూ, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మా అమ్మ పుట్టింది ఆవిడ కట్టించిన ఆస్పత్రిలోనే. ఆవిడ సొంత ఊళ్లో రోగులు లేరా? ఉన్నారు. అయినా వచ్చింది, వచ్చి నలభై ఏడేళ్లు ఉంది. అందుకే మీ పెద్దాయన్ని గౌరవంగా ఒక్క మాట అడగమంటాను: ఇక్కడి పనిలో ఇప్పుడు మన సంఘం ఏం చేస్తోంది అయ్యా అని. ఆయన దగ్గర జవాబు ఉంటే ఆయన మాటకి బరువుంది. చాలా సంఘాల్లో ఉండదు. ఆ మాట అడ్డం పెట్టుకుని అక్కడికీ వెళ్లరు, ఇక్కడా చెయ్యరు.

విదేశాలకు వెళ్లడం తెల్లవాళ్ల పని, మనం అందుకునేవాళ్లం అనుకోవడం కూడా తప్పే. 1903లోనే తెలుగు బాప్టిస్టు సంఘాలు హోమ్ మిషన్ అనే తమ సొంత మిషనరీ సంస్థ తరఫున జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికా పంపాయి. నాటాల్‌లో చెరకు తోటల్లో, టీ తోటల్లో కూలి ఒప్పందం మీద వెళ్లిన తెలుగువాళ్లు ఉండేవాళ్లు. వాళ్లలో బాప్టిస్టులు మాకొక కాపరిని పంపండని ఇంటికి కబురు పెట్టారు. కియర్స్నీ అనే టీ తోటలో ఆ ఏడే మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఒక్కసారి ఆలోచించు. కొన్ని సంఘాలు 1876-78 నాటి పెద్ద కరువు చూసి పాతికేళ్లే అయింది, చాలామంది సభ్యులు మాల మాదిగ పల్లెల్లో కూలీలు. వాళ్లు చందాలు వేసుకుని సముద్రం దాటించి ఒక మనిషిని పంపారు. అక్కడ వాళ్లవాళ్లు పిలిచారు కాబట్టి పంపారు.

కువైట్‌లో నేను చూసింది కూడా ఇలాంటిదే. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది. శుక్రవారం అక్కడ సెలవు రోజు. అరబిక్, ఇంగ్లీషు, మలయాళం, తమిళం, తెలుగు, ఇంకా ఎన్నో భాషలవాళ్లు గంటల లెక్కన హాళ్లు పంచుకుని ఆరాధన చేసుకుంటారు. ముస్లింలకు మతప్రచారం చేయడానికి ఆ దేశ చట్టం ఒప్పుకోదు. మా ఫెలోషిప్ ఆ గీత ఎప్పుడూ దాటలేదు. అలాంటి చోట సేవ ఏముంటుంది అంటావా?

కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్లు అక్కడ ఇళ్లల్లో పని చేస్తారు. ఖద్దామా అంటారు. వాళ్ల వీసా యజమానితో ముడిపడి ఉంటుంది. చాలామంది పాస్‌పోర్టు కూడా యజమాని చేతిలోనే ఉండేది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని 2015లో వచ్చిన చట్టంలో రాసి ఉంది, కానీ ఎంతమందికి ఆ రోజు దొరికేదో మాకు తెలుసు. ఆస్పత్రికి కాళ్లు కాలి ఒకావిడ వచ్చింది. అరబిక్ అరకొర, ఇంగ్లీషు రాదు, భయంతో ఒకటే వణుకు. తెలుగులో "అమ్మా, ఎక్కడ నొప్పి?" అనగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తర్వాత మా ఫెలోషిప్‌లో డ్రైవర్లు, వంటవాళ్లు, కార్ వాష్ చేసే కుర్రాళ్లు తలా కాస్త వేసి ఆవిడ టికెట్ కొన్నారు. ఎంబసీ చుట్టూ తిరిగింది కూడా వాళ్లే, నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా. ఆవిడ క్రైస్తవురాలు కాదు, ఆ తర్వాతా కాలేదు. మాలో ఎవరూ దాని గురించి ఎత్తలేదు. అక్కడ నిజమైన మిషనరీలు ఎవరని నన్నడిగితే ఆ కార్ వాష్ కుర్రాళ్ల పేర్లే చెప్తాను.

మన దగ్గర్నుంచి వచ్చే ప్రసంగీకుల్ని కూడా చూశాను. అందరూ అలాంటివాళ్లు కాదు. కొందరు మాత్రం వారం రోజుల్లో వరస కూడికలు పెట్టి, నెలకి వంద దీనార్లు వచ్చే ఆడవాళ్ల దగ్గర కానుకలు పట్టి, బంగారం కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లు. దాన్ని విదేశీ పరిచర్య అని ఇక్కడ ఫ్లెక్సీలు వేసుకునేవాళ్లు. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది, కానీ చెప్పకపోతే నీ ప్రశ్నకి సగం జవాబే అవుతుంది.

ఇక చింతూరు. లెక్కకి మా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఇంతకుముందు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉండేది. కానీ మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఛత్తీస్‌గఢ్ నుంచి గొడవలకి భయపడి అడవి దాటి వచ్చిన గుత్తికోయలు చాలామంది. వాళ్లకి తెలుగు రాదు. కువైట్‌లో కడప ఆవిడ నాకు దగ్గర మనిషి, ఇక్కడ నేను పరాయిదాన్ని. మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్ అనే రక్త జబ్బు, వర్షాకాలంలో డోలీ కట్టి మోసుకొచ్చే కాన్పు కేసులు, పని ఇదీ. నా చదువు ఎంత ఉన్నా, మాతో పనిచేసే కోయ అమ్మాయి పక్కన లేకపోతే నేను ఒక్క మందు కూడా సరిగ్గా వాడించలేను. ఏ ఇంట్లో ముందు ఎవరితో మాట్లాడాలి, ఏ పండగ రోజుల్లో వెళ్లకూడదు, సూది అంటే ఎందుకు భయపడుతున్నారు, అన్నీ ఆ అమ్మాయే చెప్తుంది. ఆ అమ్మాయి చెప్పినట్టు నేను నడుచుకుంటాను.

ఒకసారి పట్నం నుంచి ఒక సంఘం టీమ్ వచ్చింది. దుప్పట్లు పంచారు, మైకు పెట్టారు, రోగుల మీద చేతులుంచి ప్రార్థిస్తూ వీడియోలు తీసుకున్నారు. సాయంత్రానికి బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ వీడియోలు వాట్సాప్‌లో తిరిగాయి. దుప్పట్లిచ్చి మతం మారుస్తున్నారని మాట పుట్టింది. చాలా రోజుల పాటు ఊరి పెద్దలకి, పోలీసులకి జవాబు చెప్పుకుంది మాత్రం అక్కడే పుట్టి పెరిగిన కోయ పాస్టర్‌గారు. ఆయన్ని ఆ టీమ్‌వాళ్లు రావొచ్చా అని కూడా అడగలేదు. మీ టీమ్ కెన్యాలో ఇలా చెయ్యదని నీకు గట్టిగా తెలుసా? మీరు వెళ్లిపోయాక మిగిలేది అక్కడి కాపరే కదా.

ఈ విషయంలో మా ఒంగోలు చరిత్రే నాకు దారి చూపిస్తుంది. 1876 నుంచి 78 వరకు పెద్ద కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వస్తుంటే, తిండి కోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఇవ్వలేదు. సహాయ పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇవ్వకుండా ఆగిన ఆ ఏడాదే పెద్దదిగా కనిపిస్తుంది. మందులిచ్చే బల్ల దగ్గర నేను మతం ఊసు ఎత్తకపోవడానికి కారణం అదే. అడిగితే ప్రార్థిస్తాను, అడగకపోతే మాత్ర ఎలా వేసుకోవాలో చెప్పి పంపిస్తాను.

ఇంకొకటి. ఒంగోలు వైపు జనం గుంపులుగా బాప్తిస్మం తీసుకున్న ఆ ఉద్యమాన్ని నడిపింది క్లౌ ఒక్కడే కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి అప్పటికే తన ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో చెప్తూ తిరుగుతున్నాడు. ఆయన పిలిస్తేనే క్లౌ 1867 జనవరిలో తాళ్లకొండపాడు వెళ్లాడు. దోర్నకల్ కథ కూడా నువ్వు తెలుసుకోవాలి. అక్కడ మొదటి బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తిరునెల్వేలి సంఘాలు 1903లో సొంత మిషనరీ సంస్థ పెట్టుకుని మన తెలుగు ప్రాంతానికి మనుషుల్ని పంపాయి. 1909లో అజరయ్యగారే వచ్చేశారు. తెలుగు నేర్చుకున్నారు, 1912లో ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు, 1945లో దోర్నకల్‌లోనే చనిపోయారు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇప్పుడు స్నేహితుల్ని ఇవ్వండి అని పాశ్చాత్య మిషనరీలని అడిగింది కూడా ఆయనే. దేశం దాటకుండా, భాష దాటి, కులం దాటి వచ్చిన మనిషి. ఇక్కడ సేవ అంటే మన కులంవాళ్లు కూర్చునే సంఘానికి ఇంకో గది కట్టడం అనుకునేవాళ్లకి ఆయన జీవితం చూపించాలి.

నీకైతే ఏం చెయ్యమంటాను? నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు. నగరం చుట్టూ ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి కుటుంబాలతో వచ్చిన కూలీలున్నారు, పిల్లలు బడి మానేసి బట్టీ దగ్గరే ఉంటారు. టోలీచౌకీ వైపు సోమాలియా, యెమెన్, సూడాన్ నుంచి చదువుకోడానికి, వైద్యానికి వచ్చినవాళ్లున్నారు. వాళ్లకి అద్దె ఇల్లు దొరకడమే కష్టం. ఆస్పత్రిలో తోడుండే మనిషి కావాలి, ఆదివారం ఒక పూట భోజనానికి పిలిచే ఇల్లు కావాలి. ఒక్క చోటు ఎంచుకో. రెండేళ్లు వదలకుండా వెళ్లు. వాళ్లలో ఒకరి దగ్గర నాలుగు ఒడియా మాటలో, అరబిక్ మాటలో నేర్చుకో. వాళ్ల మతం మార్చాలన్న టెన్షన్ పెట్టుకోకు. నీ నమ్మకం గురించి అడిగినప్పుడు దాచకుండా చెప్పు, చాలు.

విదేశం వెళ్లాలన్న కోరిక అప్పటికీ తగ్గకపోతే, ఉద్యోగంతో వెళ్లు. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. నీ చేతిలో కంప్యూటర్ పని ఉంది. అక్కడి సంఘంలో ఒక సభ్యుడిగా చేరి, వాళ్ల పెద్దల మాట విని, పిలిస్తే పని చెయ్యి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి సభలు పెట్టడం చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. మన దేశం కూడా మిషనరీలకి వేరే వీసా పెట్టింది. ఈ విషయం మీ టీమ్ లీడర్‌ని తప్పకుండా అడుగు.

మనిషికి లక్షన్నర అన్నావు. ఏజెన్సీలో ఒక స్థానిక సేవకుడి కుటుంబం దాదాపు ఏడాది బతికే డబ్బు అది. ఆ డబ్బు మాకే పంపమని అడగడం లేదు. ముందుగా కెన్యాలో మిమ్మల్ని ఆహ్వానించిన పాస్టర్‌గారికి నువ్వే నేరుగా ఒక మెయిల్ రాయి. మేం పదిమందిమి రావడం మంచిదా, ఆ ఖర్చు మీ దగ్గర ఇంకో పనికి వాడితే మంచిదా, మొహమాటం లేకుండా చెప్పండని అడుగు. ఆహ్వానించినవాళ్లే ఎవరూ లేరని తేలితే మీ టీమ్‌లో అందరికీ ఆ మాట చెప్పు. ఆయన మాకు రెండేళ్లుండే మనిషి కావాలి అంటే మాత్రం మీ పెద్దాయన్ని కూర్చోబెట్టి ఆ మెయిల్ చదివి వినిపించు. జవాబు వచ్చాక ఇక్కడ రాయి. నైట్ డ్యూటీ లేని రోజు చూసి నాకు తెలిసింది చెప్తాను.